పరుగు పద్దు

బరువు తగ్గాలని పరుగు మొదలుపెట్టిన మనిషికి మొదటి గండం నాలుగో వారంలో వస్తుంది. మూడు వారాలు తెల్లవారకముందే లేచి, చెమటోడ్చి, ఆయాసపడి, నాలుగో ఆదివారం తూకం ఎక్కితే అంకె అరకిలో కూడా తగ్గి ఉండదు. కొందరికి పెరిగే ఉంటుంది. 'మా ఒంటితత్వమే ఇంత, గాలి పీల్చినా లావెక్కుతాం' అన్న తీర్పు ఆ రోజే వెలువడుతుంది. వేలు పోసి కొన్న బూట్లు కూరగాయల మార్కెట్‌కి వెళ్ళిరావడానికి పనికొస్తాయి. పరుగు కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపును మాత్రం ఎవరూ మూసెయ్యరు. అందులో గుడ్ మార్నింగ్‌లు ఠంచనుగా నడుస్తూనే ఉంటాయి.

నిజానికి ఆ మూడు వారాల్లో ఒంట్లో చాలా మంచే జరిగి ఉంటుంది. అది జమ అయింది ఒక పద్దులో, మనం వెతికింది ఇంకో పద్దులో. పరుగు దేనికి ఎంత జమ చేస్తుందో, దేనికి చెయ్యదో ముందే తెలిస్తే నాలుగో వారం దాటడం అంత కష్టం కాదు. అందుకే ముందు లెక్కలు చూద్దాం, తర్వాత కాళ్ళ సంగతి, ఆ తర్వాత మనసు సంగతి.

కిలోమీటరు ఖరీదు

పరుగుకి ఎంత శక్తి ఖర్చవుతుందన్నది ఎప్పుడో తేలిన విషయం. ఇటలీ శరీరధర్మ శాస్త్రవేత్త రొడోల్ఫో మార్గారియా, ఆయన సహచరులు 1963లో ప్రచురించిన కొలతల ప్రకారం చదునైన నేల మీద కిలో బరువుకి, కిలోమీటరు దూరానికి అయ్యే ఖర్చు దాదాపు ఒక కేలరీ. (శాస్త్రజ్ఞులు దాన్ని కిలోకేలరీ అంటారు. మనం రోజూ మాట్లాడుకునే కేలరీ అదే.) వేగంతో దీనికి పెద్దగా పని లేదు. 80 కిలోల మనిషి 4 కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తినా, 36 నిమిషాల్లో ఈడ్చుకుంటూ వెళ్ళినా ఖర్చు 320 కేలరీల చుట్టుపక్కలే. వేగంగా వెళ్ళినవాడికి దక్కే అదనపు లాభం ముందుగా ఇల్లు చేరడం.

అందులోనూ కొంత తీసెయ్యాలి. ఆ అరగంట సోఫాలో కూర్చున్నా ఒళ్ళు ఓ 40 కేలరీలు ఎలాగూ ఖర్చు పెట్టేది. కాబట్టి పరుగు వల్ల అదనంగా ఖర్చయింది 280. వారానికి మూడు రోజుల చొప్పున 840. ఇక అవతలి వైపు చూడండి. ఒంట్లో పేరుకున్న కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల నిల్వ ఉంటుంది. 7,700ని 840తో భాగిస్తే తొమ్మిది వారాల పైమాటే. అంటే తిండిలో ఏ మార్పూ లేకుండా, ఒక్క రోజు కూడా నాగా పెట్టకుండా పరుగెత్తితే రెండు నెలలకి ఒక కిలో. అదీ కాగితం మీద.

కాగితం మీద అనడానికి కారణం ఉంది. ఈ లెక్కకి మూలం 1958లో మాక్స్ విష్నోఫ్‌స్కీ అనే అమెరికన్ వైద్యుడు వేసిన అంచనా: పౌను బరువుకి 3,500 కేలరీలు. బరువు తగ్గించే పుస్తకాలన్నీ దశాబ్దాల పాటు దాన్నే నమ్ముకున్నాయి. అయితే ఒళ్ళు అంత తేలిగ్గా లొంగే ఖాతాదారు కాదు. బరువు తగ్గే కొద్దీ ఒంటి ఖర్చూ తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, మనకి తెలియకుండానే మిగతా రోజంతా కదలిక మందగిస్తుంది. అందువల్ల పాత సూత్రం చెప్పినంత తగ్గదని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థకి చెందిన కెవిన్ హాల్ బృందం 2011లో లెక్క కట్టి చూపించింది. పొద్దున్నే 4 కిలోమీటర్లు పరుగెత్తిన మనిషి సాయంత్రం రెండో అంతస్తుకి వెళ్ళడానికి లిఫ్టు ముందు నిలబడి ఉంటాడు. అడిగితే, పొద్దున చేశాను కదా అంటాడు.

మానవ శాస్త్రవేత్త హెర్మన్ పాంట్జర్ 2012లో ఇంకాస్త ఇబ్బంది కలిగించే సంగతి బయటపెట్టాడు. టాంజానియాలో వేట మీద, దుంపలూ తేనే సేకరణ మీద బతికే హడ్జా తెగవాళ్ళు రోజంతా కాలినడకనే ఉంటారు. అయినా శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే వాళ్ళ రోజువారీ మొత్తం శక్తి ఖర్చు, ఆఫీసు కుర్చీల్లో కూర్చునే పాశ్చాత్యుల ఖర్చుకి దాదాపు సమానంగా తేలింది. కదలిక పెరిగితే ఒళ్ళు ఇంకెక్కడో కోత పెట్టుకుని సర్దుకుంటుందని ఆయన వాదన. ఆ కోత ఎంత అన్నదాని మీద శాస్త్రజ్ఞులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. మనకి కావలసిన ముక్క ఒకటే: పరుగెత్తినదంతా బరువులోంచి తరుగుతుందని ఆశపడకూడదు.

వీటన్నిటి మీదా నీళ్ళ గారడీ ఒకటి. మే నెలలో విశాఖ బీచ్ రోడ్డు మీద గంటసేపు పరుగెత్తితే లీటరు చెమట పోవడం వింతేమీ కాదు. ఇంటికొచ్చి తూకం ఎక్కితే కిలో తగ్గినట్టు కనిపిస్తుంది. రెండు చెంబుల నీళ్ళు తాగేసరికి ఆ కిలో ఇంటికి తిరిగొస్తుంది. దీనికి తలకిందులుగా కూడా జరుగుతుంది. కొత్తగా పరుగు మొదలుపెట్టినప్పుడు కండరాలు వాపు వల్ల కాస్త నీరు పట్టి ఉంచుతాయి. ఇంధనంగా గ్లైకోజెన్‌ని కూడా మునుపటికన్నా ఎక్కువ దాచుకుంటాయి. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తోపాటు దాదాపు 3 గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. నాలుగో ఆదివారం పెరిగిన అరకిలో రహస్యం చాలావరకు ఇదే.

పార్కు గేటు దగ్గర

హైదరాబాద్ కేబీఆర్ పార్కు కానివ్వండి, మీ ఊరి కాలేజీ గ్రౌండు కానివ్వండి, పొద్దున ఆరున్నరకి గేటు బయట రెండు రకాల బండ్లు ఉంటాయి. ఒకటి కాకరకాయ రసం, రాగి జావ, మొలకల బండి. రెండోది టిఫిన్ బండి. మొదటి దాని చుట్టూ ఉపన్యాసాలు నడుస్తాయి, రెండో దాని చుట్టూ వ్యాపారం నడుస్తుంది.

పెసరట్టు వేసే చేతిని ఓసారి దగ్గర్నించి చూడండి. గరిటెడు పిండి పెనం మధ్యలో పోసి, గరిటె అడుగుతోనే గుండ్రంగా తిప్పుకుంటూ అంచుదాకా లాగుతాడు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం ముక్కలు చల్లుతాడు. మూతకి చిల్లు పొడిచిన ప్లాస్టిక్ సీసా అందుకుని అంచు వెంబడి ఒక చుట్టు, మీద అడ్డంగా రెండు గీతలు. అంచు ఎర్రబడి లేస్తుండగా ఇంకో చుట్టు. "ఉప్మా పెట్టమంటారా సార్?" అన్న ప్రశ్నకి వద్దన్నవాళ్ళు అరుదు. ఆ సీసాలోంచి పడిన నూనె 15 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద చెంచాడు అనుకుందాం. దానికే 120 కేలరీలు. 80 కిలోల మనిషికి అది కిలోమీటరున్నర పరుగు. అట్టుకి, లోపలి ఉప్మాకి, చట్నీకి, ఆ తర్వాత కాఫీలో పంచదారకి మనం ఇంకా లెక్క మొదలుపెట్టనే లేదు.

పెసరట్టు మీద నేరం మోపడం లేదు. పెసల్లో మాంసకృత్తులున్నాయి, పీచు ఉంది, మైదా పూరీతో పోలిస్తే మహానుభావురాలు. చెప్పొచ్చేది కాలం తేడా గురించి. అరగంట పరుగులో పోగొట్టుకున్నది మూడు నిమిషాల్లో తిరిగి సంపాదించవచ్చు. కాబట్టి బరువు తగ్గించే బాధ్యత కంచానిది. రోజుకి 300 కేలరీలు తగ్గించడానికి ఉపవాసాలు అక్కర్లేదు. అన్నం 100 గ్రాములు తగ్గితే 130, కూరల్లో, పోపుల్లో కలిపి ఒక పెద్ద చెంచాడు నూనె తగ్గితే 120, రెండు పూటల టీలో రెండేసి చెంచాల పంచదార మానేస్తే మరో 80. మొత్తం 330. వారానికి 2,310. పరుగు లెక్కతో పోల్చండి, దాదాపు మూడింతలు. పైగా దీనికి ఐదింటికి అలారం అక్కర్లేదు.

మన కంచంలో కోత ఎక్కడ పెట్టాలో హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్నాళ్ళుగానో చెబుతూనే ఉంది. దాని 2024 ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజువారీ శక్తిలో బియ్యం, గోధుమల్లాంటి ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. దేశంలో అది 50 నుంచి 70 శాతం దాకా ఉంది. పప్పు, గుడ్డు, చేప, మజ్జిగ, కూర పెరిగి అన్నం కుప్ప తగ్గాలన్నమాట. మనవైపు మాత్రం కూరే అన్నంలోకి నంజుడు. ముద్ద పప్పు ఉన్నా దాని పక్కన అన్నం గుట్టలా ఉండి, ఆ గుట్ట మీద నెయ్యి ధారగా పడితేగానీ భోజనం చేసినట్టు ఉండదు.

తూకం చూపించని జమ

మరి పరుగెందుకు? బరువు పద్దులో అది వేసేది చిల్లరే అయినా, మిగతా పద్దుల్లో పెద్ద మొత్తాలే వేస్తుంది. వాటిలో కొన్ని మనకి మరీ అవసరమైనవి.

పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఒకటి 2004లో 'లాన్సెట్' పత్రికలో వచ్చింది. ఇద్దరి బీఎంఐ (ఎత్తునిబట్టి బరువు ఎంతో చెప్పే సూచీ) ఒకటే, 22.3. పక్కపక్కన నిలబడితే ఇద్దరూ సన్నగానే ఉంటారు. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. మనవాళ్ళు చూడ్డానికి బక్కపలచగా ఉన్నా కొవ్వు పొట్ట లోపల, కాలేయం చుట్టూ చేరుతుందని, మధుమేహం తొందరగా రావడానికి అదో కారణమని ఆ ఫోటో ఒక్క చూపులో చెప్పేసింది. భారతీయులకి బీఎంఐ 23 దగ్గరే హెచ్చరిక గీత గీయడం, నడుము చుట్టుకొలత మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదనడం ఇందుకే.

పరుగు పనిచేసేది సరిగ్గా ఆ లోపలి కొవ్వు మీద. తూకంలో అంకె కదలకపోయినా పొట్టలోని కొవ్వు తగ్గడం చాలా అధ్యయనాల్లో కనిపించిన విషయమే. బెల్టు ఒక చిల్లు వెనక్కి పోతుంది, తూకానికి ఆ సంగతి తెలియదు. రెండోది చక్కెర. పరుగెత్తిన కండరం రక్తంలోని గ్లూకోజుని బాగా లాక్కుంటుంది, ఇన్సులిన్ మాట మునుపటికన్నా శ్రద్ధగా వింటుంది. ఆ వినయం ఒకటి రెండు రోజులకు మించి నిలవదు. మధుమేహం ఉన్నవాళ్ళు వ్యాయామాన్ని వరుసగా రెండు రోజులకు మించి మానొద్దని వైద్యులు చెప్పేది అందుకే. ఆదివారం 12 కిలోమీటర్లు పరుగెత్తి మిగతా ఆరు రోజులూ దాని గురించి మాట్లాడే పద్ధతి ఇక్కడ చెల్లదు.

మూడోది ఆయువు. అమెరికాలోని డాలస్‌లో, అంటే మన పాఠకుల్లో చాలామందికి చుట్టాలున్న ఊళ్ళోనే, కెన్నెత్ కూపర్ అనే వైద్యుడు నెలకొల్పిన కేంద్రం దశాబ్దాలుగా మనుషుల ఆరోగ్యాన్ని నమోదు చేస్తూ వస్తోంది. అక్కడి 55,137 మంది వివరాలని 2014లో విశ్లేషిస్తే, పరుగెత్తే అలవాటున్నవాళ్ళలో మరణాలు సుమారు 30 శాతం, గుండె జబ్బుల మరణాలు 45 శాతం తక్కువగా కనిపించాయి. రోజుకి 5 నుంచి 10 నిమిషాలు నెమ్మదిగా పరుగెత్తేవాళ్ళలోనూ తేడా కనిపించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే పరుగెత్తుతారేమో అన్న అనుమానం ఇలాంటి లెక్కల్లో ఎప్పుడూ ఉంటుంది. ఆ అనుమానానికి కొంత తరుగు తీసినా మిగిలేది తక్కువేమీ కాదు.

కాళ్ళ సంగతి

కొత్తవాళ్ళు చేసే తప్పు దాదాపు ఒక్కటే: వేగం. చిన్నప్పటి స్కూలు పరుగు పందెం తప్ప వేరే పరుగు ఎరగని మనిషి, విజిల్ వేసినట్టే బయల్దేరతాడు. మొదటి వంద అడుగులు సినిమా హీరోలా ఉంటాడు. రెండో నిమిషంలో నోరు తెరుచుకుంటుంది, మూడో నిమిషంలో చెయ్యి నడుం మీదికి పోతుంది, నాలుగో నిమిషంలో అవసరం లేకపోయినా వంగి బూటు తాడు సర్దుకుంటాడు.

దీనికి మందు 1962లోనే న్యూజిలాండ్‌లో దొరికింది. ఒలింపిక్ విజేతలని తయారుచేసిన కోచ్ ఆర్థర్ లిడియార్డ్, ఆక్లండ్‌లో నడివయసువాళ్ళని, గుండె జబ్బులు వచ్చి తేరుకున్నవాళ్ళని కూడగట్టి నెమ్మదిగా పరుగెత్తించేవాడు. పక్కవాడితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా అన్నమాట. ఆ ఏడాది చివర్లో అమెరికా కోచ్ బిల్ బవర్‌మన్ చూసిపోదామని వచ్చాడు. పరుగువీరుల్ని తీర్చిదిద్దే మనిషి, వయసు యాభై ఒకటి. ఆ గుంపుతో బయల్దేరితే, గుండెపోట్లు వచ్చి బతికిన డెబ్బై దాటిన పెద్దాయన ఒకాయన జాలిపడి ఈయన కోసం వెనక ఆగాల్సి వచ్చింది. బవర్‌మన్ ఇంటికెళ్ళి 1967లో ఒక హృద్రోగ నిపుణుడితో కలిసి జాగింగ్ మీద పుస్తకం రాస్తే అమెరికా ఊళ్ళకి ఊళ్ళే వీధుల్లోకి వచ్చాయి. ఆ బవర్‌మన్ నైకీ సంస్థ స్థాపకుల్లో ఒకడు కూడా. నెమ్మదిగా పరుగెత్తమన్న సలహా అలా ఉచితంగానే వచ్చింది, బూట్ల బిల్లు మాత్రం తర్వాత వచ్చింది.

ఎలా మొదలుపెట్టాలన్నదానికి 1996లో జోష్ క్లార్క్ అనే అమెరికన్ వేసిన తొమ్మిది వారాల పథకం ఇప్పటికీ బాగా పనికొస్తుంది. యాభై దాటిన తన తల్లిని మనసులో పెట్టుకుని వేసిన పథకమది. వారానికి మూడు రోజులే. మొదటి వారం ఐదు నిమిషాలు చురుగ్గా నడిచి, ఆ తర్వాత 60 సెకన్లు పరుగు, 90 సెకన్లు నడక, అలా 20 నిమిషాలు. వారాలు గడిచేకొద్దీ పరుగు పెరిగి నడక తరుగుతుంది. చివరికి అరగంట ఆగకుండా పరుగెత్తుతారు. ఒక వారం కష్టంగా ఉంటే అదే వారాన్ని మళ్ళీ చెయ్యొచ్చు. పరీక్ష తప్పామని ఎవరూ అనరు.

ఈ నిదానానికి శరీరంలోనే కారణం ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటుపడతాయి. ఎముకలు, కండరాలని ఎముకలకి కట్టి ఉంచే స్నాయువులు గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఐదో వారానికి ఆయాసం తగ్గి ఉత్సాహం పెరుగుతుంది. ఇంకో రెండు కిలోమీటర్లు వెళ్దామనిపిస్తుంది. మోకాలి కింది ముందు ఎముక నొప్పి, మడమ నొప్పి మొదలయ్యేది అప్పుడే. పరుగులో ప్రతి అడుగుకీ కాలి మీద శరీర బరువుకి రెండు మూడింతల భారం పడుతుంది. కాబట్టి ఊపిరి ఒప్పుకున్నా కాళ్ళ అనుమతి కూడా తీసుకోవాలి.

ఇక మోకాళ్ళు అరిగిపోతాయన్న హెచ్చరిక. పరుగు మొదలుపెట్టిన ప్రతివాళ్ళకీ, పరుగెత్తని ఒక బాబాయి ఈ మాట చెబుతాడు. 2017లో పాత అధ్యయనాలన్నీ గుదిగుచ్చి చూస్తే మోకాలి, తుంటి కీళ్ళ అరుగుదల సరదాగా పరుగెత్తేవాళ్ళలో 3.5 శాతం, పరుగెత్తకుండా కూర్చున్నవాళ్ళలో 10.2 శాతం, పోటీల్లో పరుగెత్తేవాళ్ళలో 13.3 శాతం. బాబాయి చెప్పింది ఒలింపిక్స్‌కి వెళ్ళేవాళ్ళకి కొంత వర్తిస్తుంది. బరువు మరీ ఎక్కువ ఉన్నవాళ్ళు, మోకాలు ఇప్పటికే నొప్పి పెడుతున్నవాళ్ళు మాత్రం కొన్ని నెలలు నడకతో మొదలుపెట్టడం మేలు.

గుండె విషయంలో మొహమాటం పనికిరాదు. 'పరుగు సమగ్ర గ్రంథం' లాంటి పేరుతో 1977లో పుస్తకం రాసి లక్షలమందిని రోడ్డెక్కించిన జిమ్ ఫిక్స్, 1984లో పరుగెత్తుతూనే గుండెపోటుతో పోయాడు. వయసు 52. పరుగు వల్లే పోయాడని కిట్టనివాళ్ళు పండగ చేసుకున్నారు. కానీ ఆయన తండ్రికి మొదటి గుండెపోటు 35వ ఏటే వచ్చింది, 43వ ఏట ప్రాణం పోయింది. ఫిక్స్ స్వయంగా 35 ఏళ్ళ వరకూ సిగరెట్లు తెగ తాగిన భారీ మనిషి. గుండె రక్తనాళాలు పూడుకుపోయినట్టు శవపరీక్షలో తేలింది. నలభై దాటినవాళ్ళు, బీపీ, సుగర్ ఉన్నవాళ్ళు, ఇంట్లో చిన్న వయసు గుండెపోట్లున్నవాళ్ళు డాక్టరుకి చూపించుకుని మొదలుపెట్టాలి. పరుగెత్తేటప్పుడు ఛాతీలో బరువు, ఎడమ చేతికి లాగుడు, తల తిరుగుడు వస్తే ఆగిపోయి ఆసుపత్రికి వెళ్ళాలి. గ్యాస్ అనుకుని సోడా తాగకూడదు.

మిగతావి చిన్నవి. బూట్లు సాయంత్రం కొనుక్కోండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి అసలు కొలత తెలుస్తుంది. బొటనవేలి ముందు వేలెడు జాగా ఉండాలి. వేసవిలో బెజవాడలో పొద్దున ఐదున్నర తర్వాత పరుగు సాహసం కిందికి వస్తుంది. గంటలోపు పరుగుకి మంచినీళ్ళు చాలు. రంగు రంగుల ఎనర్జీ డ్రింకులో ఉన్న చక్కెర మీరు పెట్టిన ఖర్చుని మళ్ళీ ఖాతాలో వేసేస్తుంది. వీధి కుక్క వెంటపడితే పరుగు ఆపి, దాని కళ్ళలోకి చూడకుండా నెమ్మదిగా నడవండి. వేగంలో ఓడించాలని మాత్రం చూడకండి.

మనసు సంగతి

ఉత్సాహం గురించి చెప్పేవాళ్ళకి లోటు లేదు. దాని మీద ఆధారపడడం ఎంత ప్రమాదమో చెప్పే ప్రయోగం ఇంగ్లండ్‌లో జరిగి 2002లో అచ్చయింది. విద్యార్థుల్ని మూడు జట్లు చేశారు. మొదటి జట్టుకి వ్యాయామం గురించి ఏమీ చదివించలేదు. రెండో జట్టుకి గుండె జబ్బుల గురించి, వ్యాయామం ఎంత మంచిదో దాని గురించి చదివించారు. మూడో జట్టుకి అది చదివించడంతో పాటు, వచ్చే వారం ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ వ్యాయామం చేస్తారో కాగితం మీద రాయించారు. మొదటి రెండు జట్లలోనూ వ్యాయామం చేసినవాళ్ళు పదిమందికి నలుగురి లోపే. మూడో జట్టులో పదికి తొమ్మిది మంది. చదివించినందువల్ల మాత్రమే ఒరిగిందేమీ లేదు. ఈ వ్యాసానికీ ఆ సూత్రం వర్తిస్తుంది కాబట్టి, ఇక్కడే ఆగి మంగళవారం, గురువారం, శనివారం, ఐదున్నర, ఫలానా గ్రౌండు అని క్యాలెండరు మీద రాసేస్తే మిగతాది చదవకపోయినా నష్టం లేదు.

అలవాటు కావడానికి 21 రోజులు చాలన్నది ఎవరో పుట్టించిన మాట. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించి చూస్తే, ఒక పని తనంతట తానే జరిగిపోయే స్థితికి రావడానికి పట్టిన కాలం 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది, మధ్యస్థంగా 66. వ్యాయామం లాంటివాటికి మరీ ఎక్కువ. అదే అధ్యయనంలో ఒక ఊరట కూడా ఉంది: మధ్యలో ఒక రోజు తప్పినా అలవాటుకి చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదు. 'ఇవాళ ఎలాగూ పోయింది, ఒకటో తారీఖు నుంచి మొదలెడదాం' అన్న ఆలోచనే అసలు దెబ్బ.

పండగల సంగతి కూడా ఇంతే. అమెరికాలో కేథరిన్ మిల్క్‌మన్ అనే ఆచార్యురాలు జనాన్ని వ్యాయామశాలకి రప్పించడానికి ఒక ఎర వేసింది. మంచి ఉత్కంఠ ఉన్న నవలల ఆడియో అక్కడికొస్తేనే వినిపిస్తుంది. మొదట్లో రాకపోకలు సగానికి సగం పెరిగాయి. థాంక్స్‌గివింగ్ సెలవులు రాగానే ఆ ప్రభావం జారిపోయింది. మనకి సంక్రాంతి ఉంది. ఊరెళ్ళి నాలుగు రోజులు అరిసెలు, సకినాలు తిని వచ్చాక పరుగు మళ్ళీ మొదలయ్యే రోజు ఏదో బయల్దేరకముందే నిర్ణయించుకోవాలి. ఎర మాత్రం మంచిదే. ఇష్టమైన పాత పాటలో, హాస్య కథలో పరుగులోనే వినాలని నియమం పెట్టుకోవచ్చు. రోడ్డు మీదైతే ఒక చెవి ఖాళీగా ఉంచుకోండి, హారన్ కోసం.

కొలవడం మానొద్దు, కొలిచేది మార్చండి. తూకం వారానికి ఒకసారి, అదే రోజు, అదే వేళ చాలు. నడుము నెలకోసారి దర్జీ టేపుతో కొలవండి, పొట్ట లోపలికి లాక్కోకుండా. రెండు స్తంభాల మధ్య ఒకే దారిని నెలకోసారి అదే ఆయాసంతో పరుగెత్తి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. లేచీ లేవగానే నాడి నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుందో చూడండి, నెలల మీద అది తగ్గుతూ వస్తుంది. ఈ నాలుగింటిలో ఏదో ఒకటి ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది.

తోడు దొరికితే ఇంకా మంచిది. ఏటా ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి నెలల ముందు నుంచే నెక్లెస్ రోడ్డు మీద గుంపులు తయారవడం చూస్తూంటాం. ఒంటరిగా అలారం ఆపేసే మనిషి, మలుపు దగ్గర ఒకరు ఎదురుచూస్తున్నారంటే సిగ్గుకైనా లేస్తాడు. అయితే పొద్దున ఐదు నుంచి ఏడు దాకా గ్రౌండ్లలో మగవాళ్ళే ఎక్కువ కనిపించడాన్ని ఆడవాళ్ళ బద్ధకం కింద రాయకూడదు. ఆ వేళకే ఇళ్ళల్లో కుక్కర్ విజిల్ వేస్తుంటుంది, పిల్లల క్యారియర్లు సర్దుతుంటారు. ఆయన పరుగెత్తి వచ్చేసరికి టిఫిన్ వేడిగా సిద్ధంగా ఉందంటే ఆ క్రమశిక్షణలో సగం వాటా వంటింటిది. మంగళవారం ఆయన, బుధవారం ఆవిడ అని వంతులు వేసుకుంటే ఇంట్లో ఇద్దరి నడుమూ తగ్గుతుంది, ఆయనకి ఉప్మా చెయ్యడమూ వస్తుంది.

తగ్గాక ఏం చెయ్యాలి

తగ్గాక మానెయ్యొచ్చా అని కొందరు అడుగుతారు. పరుగు అసలు పని మొదలయ్యేది అక్కడే. అమెరికాలో 1994 నుంచి ఒక జాబితా నడుస్తోంది. 13 కిలోలకు పైగా తగ్గి, ఏడాదిపాటు మళ్ళీ పెరగకుండా నిలబెట్టుకున్నవాళ్ళనే అందులో చేర్చుకుంటారు. ఆ వేలమందిలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా తగ్గారు. నిలబెట్టుకోవడంలో మాత్రం ఎక్కువమందికి పోలిక ఉంది: రోజుకి సగటున గంట వ్యాయామం, వారానికోసారి తూకం. తగ్గించే పని కంచం చేస్తే, తగ్గినదాన్ని కాపలా కాసే పని కదలిక చేస్తోందన్నమాట.

ఈ కాపలాకి మెప్పు ఉండదు. పది కిలోలు తగ్గితే పెళ్ళిళ్ళలో అందరూ పలకరిస్తారు, సుగర్ గానీ వచ్చిందా అని ఆరా కూడా తీస్తారు. ఐదేళ్ళుగా అదే బరువులో ఉన్నందుకు ఎవరూ పలకరించరు. మెప్పు లేని పనిని ఏళ్ళ తరబడి చెయ్యాలంటే ఆ పని కొంతైనా నచ్చాలి. అందుకని మూడు నెలలు నిదానంగా, నిజాయితీగా పరుగెత్తి చూడండి. అప్పటికీ ప్రతి ఉదయం శిక్షలాగే ఉంటే పరుగు మానేసి షటిల్ ఆడండి, ఈతకి వెళ్ళండి, సైకిలు తొక్కండి, చురుగ్గా నడవండి. గుండెకి, చక్కెరకి, నడుముకి మీరు ఏ ఆట ఆడారన్న పట్టింపు లేదు. వచ్చే ఏడు కూడా అదే ఆడుతున్నారా లేదా అన్నదొక్కటే వాటికి కావాలి.